రెండు రంగులు, ఒక గది, ఎనిమిది పాటలు: సొంత జాజ్ ఆల్బమ్ తేవడం ఎలా

పాడే గొంతు మీది. పియానో, డబుల్ బేస్, డ్రమ్స్ వాయించే ముగ్గురు స్నేహితులు కుదిరారు. ఏడాదిగా శనివారం సాయంత్రాలు ఎక్కడో ఒకచోట పాత జాజ్ పాటలు పాడుతున్నారు. విన్నవాళ్లలో ఇద్దరో ముగ్గురో "మీ సీడీ ఉందా?" అని అడిగారు. అంతే, పురుగు కుట్టింది. ఏ కంపెనీ గడపా తొక్కకుండా మన డబ్బుతో మనమే ఆల్బమ్ తెద్దాం, అట్ట కూడా 1950ల నాటి రికార్డులా ఉండాలి అనుకున్నారు. చెన్నైలో ఉండి ఈ పని చేయాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసిన తప్పులే ఇందులో సగం.

మొదలుపెట్టే ముందు ఒక పాత సంగతి. బ్లూ నోట్ అనే అమెరికా జాజ్ రికార్డుల కంపెనీకి రికార్డింగులు చేసిన రూడీ వాన్ గెల్డర్ 1959 దాకా న్యూజెర్సీలో తన తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే మైకులు పెట్టాడు. అదే కంపెనీ అట్టలు చేసిన రీడ్ మైల్స్ దగ్గర చాలాసార్లు ఉన్నదల్లా ఒక నలుపు తెలుపు ఫొటో, నలుపు కాక ఇంకో రంగు, పెద్ద అక్షరాలు. ఇప్పుడు మనం ముచ్చటపడే ఆ అందం అంత కొంచెం సామానుతో తయారైంది. అందుకే కంప్యూటర్‌లో గీతలు, మరకలు, కాఫీ కప్పు గుండ్రాలు అద్ది పాతదనం తేవాలని చూడకండి. వాళ్లకున్న ఇరుకునే మీరూ పెట్టుకోండి. ఒకే గది, రెండు రోజులు, రెండు రంగులు.

పాటలు

ఎనిమిది చాలు. ముప్పై అయిదు, నలభై నిమిషాలు. సీడీలో 74 నిమిషాలు పడతాయి కదా అని నింపేయకండి. పాత ఎల్పీకి ఒక్కో వైపు ఇరవై నిమిషాలే ఉండేది, వినేవాళ్ల ఓపిక ఇప్పుడు అంతకన్నా ఏమీ పెరగలేదు. నాలుగు పాటల తర్వాత ఒక విరామం ఉన్నట్టు ఊహించుకుని వరస పెట్టండి. అయిదో పాట మళ్లీ కొత్తగా మొదలైనట్టు ఉండాలి.

నోటేషన్ పుస్తకాల్లో ఉండే శ్రుతి ఎక్కువగా ట్రంపెట్, సాక్సాఫోన్‌లకు వీలుగా ఉంటుంది. అదే శ్రుతిలో పాడాలన్న పట్టుదల వద్దు. ఆడవాళ్ల గొంతుకైతే తరచుగా నాలుగైదు స్వరాలు దించాల్సి వస్తుంది. ప్రతి పాటకూ మీ శ్రుతి తేల్చుకుని, పియానో వాయించే మనిషికి రెండు వారాల ముందే కాగితం మీద రాసివ్వండి. స్టూడియోలో శ్రుతి వెతుక్కోవడమంటే గంటల లెక్కన అద్దె కట్టి రిహార్సల్ చేసుకోవడమే.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి స్వింగ్, అంటే జాజ్‌లోని ఆ ఊగే నడక, ఎలా పట్టుబడుతుందని అడుగుతారు. తిశ్రంలోంచి వెళ్లండి. ఒక దెబ్బకి 'తకిట' అనుకోండి. 'త' మీద మొదటి స్వరం వేసి, 'కి'ని మింగేసి, 'ట' మీద రెండోది వేయండి. మధ్యలయలో ఇది దాదాపు సరిపోతుంది. వేగం పెరిగే కొద్దీ రెండు స్వరాలూ సమానమవుతూ వస్తాయి, అప్పుడు 'తకిట' వదిలేసి డ్రమ్మర్ సింబల్‌ని వినడమే.

ఇంకో చిక్కు మన నాలుకది. తెలుగు మాట అచ్చుతో ఆగుతుంది, అందుకే ఇంగ్లిష్ మాట చివర మనకి తెలియకుండానే ఓ చిన్న 'ఉ' వచ్చి చేరుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. మంచి మైకు ముందు, నిదానమైన పాటలో, 'నైట్' అనే మాటని నాలుగు దెబ్బలు సాగదీస్తే ఆ 'ఉ' ఏనుగంత వినిపిస్తుంది. మా సౌండ్ ఇంజినీరు ఒకే లైను కోసం నన్ను ఆరుసార్లు ఆపాడు. ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసుకుని మాటల చివరలు మాత్రమే వినండి, తెలిసిపోతుంది.

హక్కులు: విసుగనిపించినా దాటేయకండి

పాత పాట కదా, ఎవరడుగుతారు అనుకోవద్దు. చట్టం లెక్కలో పాటంటే బాణీ ఒకటి, సాహిత్యం ఒకటి. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కోల్ పోర్టర్ 1964లో పోయాడు. చాలా పాటలకు మాటా బాణీ రెండూ ఆయనవే. కాబట్టి 2025 జనవరి 1 నుంచి అవి మన దేశంలో అందరివీ అయ్యాయి. జార్జ్ గెర్ష్విన్ 1937లోనే పోయాడు, బాణీల గడువు ఎప్పుడో తీరింది. కానీ వాటిలో చాలావాటికి మాటలు రాసిన అన్న ఐరా 1983 దాకా ఉన్నాడు, ఆ మాటల లెక్క 2043 చివరి దాకా పోతుంది. డ్యూక్ ఎల్లింగ్టన్ బాణీలకు 2034 చివరి వరకు ఆగాలి. కాబట్టి ఎనిమిది పాటల పక్కన రెండు గడులు గీసి, బాణీ ఎవరిది, మాట ఎవరిది, ఎప్పుడు పోయారు అని రాసుకోండి. ఒక్కోసారి తేలికైన దారి అక్కడే కనిపిస్తుంది. మాటలకు హక్కు మిగిలి, బాణీకి గడువు తీరిన పాటను మీరు పాడకుండా పియానోతో వాయించేయొచ్చు. మా ఆల్బమ్‌లో ఏడో పాట అలా వచ్చిందే, అందరూ అదే బాగుందంటారు. పాడేవాళ్లకి కాస్త మనసు చివుక్కుమంటుంది, ఏం చేస్తాం.

ఆన్‌లైన్‌లో పెట్టగానే పాట దేశం దాటుతుంది, అక్కడ లెక్క వేరు. అమెరికాలో ఆ నాటి పాటలకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు. 1932లో అచ్చయిన పాటకు అక్కడ 2027 చివరి దాకా హక్కు ఉన్నట్టే. అందుకని డిస్ట్రిబ్యూటర్ (మీ పాటల్ని స్పాటిఫై లాంటి చోట్లకి చేర్చే కంపెనీ) 'ఇది కవర్ పాటేనా?', అంటే వేరేవాళ్ల పాటను మళ్లీ పాడారా అని అడిగే గడిలో నిజం చెప్పండి. కవర్ పాటలకు లైసెన్సు ఇప్పించే ఏర్పాటు చాలామంది డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఉంటుంది, కొంత రుసుము తీసుకుంటారు.

ఇక్కడ సీడీ వేయడానికి, హక్కులున్న పాటల విషయంలో, మన కాపీరైట్ చట్టంలో 31సి అని ఒక సెక్షన్ ఉంది. 2012 సవరణతో వచ్చింది. పాట మొదటిసారి రికార్డయిన ఏడాది ముగిశాక అయిదేళ్లు దాటితే, ముందే నోటీసిచ్చి, రాయల్టీ కట్టి కవర్ చేసుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన కట్టాలి. మీరు వేసేది మూడు వందలు! అందుకే మనలాంటివాళ్లు ఆ దారి పట్టుకోకుండా, హక్కుదారుతోనో, వాళ్ల తరఫున లైసెన్సులిచ్చే ఐపీఆర్ఎస్ లాంటి సంస్థతోనో నేరుగా మాట్లాడుకోవడం మేలు. అయినా ఆ సెక్షన్ ఒకసారి చదవండి, అట్ట గురించి మంచి మాట ఉంది. పాత పాట పాడిన కళాకారుల పేరు గానీ బొమ్మ గానీ అట్ట మీద ఉండకూడదు, చూసినవాళ్లు ఇది అసలుదేమో అని పొరబడకూడదు, కవర్ వెర్షన్ అని రాసి ఉండాలి. పాతకాలపు డిజైన్ మీద మోజున్నవాళ్లు జారిపడేది సరిగ్గా ఇక్కడే. మీరు ఏ దారిన లైసెన్సు తెచ్చుకున్నా దీన్ని నియమంగా పెట్టుకోండి.

ఇంగ్లిష్ మాటల్ని తెలుగులోకి మార్చి పాడాలని మనలో చాలామందికి సరదా. హక్కున్న సాహిత్యానికి అనువాదం చేయాలంటే విడిగా అనుమతి కావాలి. సందేహం ఉన్న పాటను తీసేసి ఇంకోటి పెట్టుకోవడమే చవక.

మీతో వాయించేవాళ్లతో కూడా ఒక పేజీ కాగితం రాసుకోండి. ఎంత ఇస్తున్నారు, అమ్మకాల్లో వాటా ఉందా లేదా, పేరు ఎలా వేయాలి, సంతకం. స్నేహితులైతే మరీ ముఖ్యం.

రికార్డింగ్

ఏ నెలలో అన్నది ముందుగా చూసుకోండి. డిసెంబరులో మార్గళి కచేరీలు. మంచి ఇంజినీర్లు, మైకులు, వాయించేవాళ్లు అందరూ సభల్లోనే ఉంటారు. మే నెలలో ఏసీ ఆపితే గదిలో నిలవలేం, ఆపకపోతే దాని హోరు బేస్ కింద పరుచుకుంటుంది. జనవరి చివర, ఫిబ్రవరి బాగుంటాయి.

వడపళని, సాలిగ్రామం వైపు స్టూడియోలకు కొదవలేదు. కానీ వాటిలో చాలావరకు ఒక మనిషి నిలబడి డబ్బింగ్ చెప్పడానికో, ట్రాక్ పాడటానికో కట్టినవి. ఫోన్ చేసి రేటు అడిగే ముందు ఇది అడగండి: "నలుగురం ఒకే గదిలో ఒకరినొకరు చూసుకుంటూ వాయించాలి, చోటుందా? పియానో ఉందా, కీబోర్డా?" అసలు పియానో ఉంటే, రికార్డింగ్ రోజు పొద్దున్నే ట్యూనర్‌ని రమ్మనండి. ముందు రోజు చేయిస్తే సరిపోదు. మన సముద్రపు తేమకి చెక్క ఒక్క రాత్రిలో కదులుతుంది.

విడివిడిగా రికార్డు చేసి తర్వాత అతికిస్తే తప్పులు దిద్దుకోవడం తేలిక. నిజమే. కానీ పాత రికార్డుల్లో మనకి నచ్చే ఆ దగ్గరితనం, డ్రమ్స్ చప్పుడు పియానో మైకులోకి, బేస్ గొంతు మైకులోకి కొంచెం కొంచెం ఒలకడం వల్ల వచ్చిందే. ఒలకనివ్వండి. అయితే దూరాలు చూసుకోవాలి. ఒక మైకుకీ దాని వాద్యానికీ ఎంత దూరముందో, పక్క మైకు దానికి కనీసం మూడింతల దూరంలో ఉంటే గోల తక్కువ. డ్రమ్మర్‌ని కర్రలు పక్కన పెట్టి తీగల బ్రష్‌లు పట్టమనండి, సగం సమస్య తీరిపోతుంది.

రెండో ఆల్బమ్‌లో ఒక పాటకి ట్రంపెట్ కోసం పెద్దాయన ఒకరిని పిలిచాం. కోడంబాక్కం సినిమా ఆర్కెస్ట్రాల్లో ముప్పై ఏళ్లు వాయించి రిటైరైన తెలుగాయన. ఇంజినీరు మైకు స్టాండు ఎత్తుకుని ఆయన చుట్టూ తిరుగుతుంటే ఆపేశారు.

"మైకు కదపకు బాబూ. నేను కదులుతా."

"ఎక్కడ నిలబడతారు మాస్టారూ?"

"పాటలో నాలుగో గచ్చుపలక మీద. సోలో వచ్చినప్పుడు రెండో పలక మీదికి వస్తా."

అదే చేశారు. ముప్పై రెండు బార్లు, అంటే నాలుగేసి దెబ్బల చుట్లు ముప్పై రెండు, ఎక్కడా ఎవరూ మీట ముట్టుకోలేదు. బూట్లు విప్పి మేజోళ్లతో నడిచారు, అడుగు చప్పుడు పడకుండా. ఒకే మైకు చుట్టూ పదిమంది వాయించిన రోజుల చదువు అది. మీకు అలాంటి మనిషి దొరికితే బతిమాలి తెచ్చుకోండి.

పాటకు మూడు టేకులు, అంతకు మించి వద్దు. చెవిలో టిక్కుటిక్కుమని లయ చెప్పే క్లిక్ ట్రాక్ వద్దు. 24 బిట్‌లో రికార్డు చేయించండి, సీడీకి చివర్లో 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కి దించుతారు. మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు సౌండ్‌కి చివరి మెరుగు, చేసేవాళ్లు సినిమా పాటల అలవాటుతో సౌండ్ పెంచేస్తారు, ముందే చెప్పండి. స్పాటిఫై ఎలాగూ మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గరికి దించేస్తుంది. మీరు అరిచి సాధించేదేమీ లేదు, బ్రష్‌ల గుసగుస పోతుంది, అంతే.

అట్ట డిజైన్

కంప్యూటర్ తెరవకముందు ఒక ఆదివారం సెంట్రల్ స్టేషన్ దగ్గర మూర్ మార్కెట్‌కి వెళ్లండి. పాత మార్కెట్ 1985లో కాలిపోయింది, ఇప్పుడున్నది దాని వారసురాలు. పాత రికార్డు ఒకటి, ఏ భాషదైనా, ఏ సంగీతమైనా కొనుక్కుని ఇంటికి తెచ్చి అట్టని పరిశీలించండి. ముందు వైపు కాగితానికి నిగనిగలాడే పొర ఉంటుంది. చాలా అట్టల్లో ఆ కాగితం అంచులు మడిచి, వెనక్కి అర అంగుళం తెచ్చి అతికించి ఉంటాయి. వెనక పొర ఉండదు, నలుపు తప్ప రంగు ఉండదు, చిన్న అక్షరాల్లో బోలెడు చదువు ఉంటుంది. మీ డిజైన్‌కి కావలసిన పాఠం ఆ అర అంగుళం మడతలో, ఆ వెనక పేజీలో ఉంది.

ఫొటో రిహార్సల్లో తీయించండి. కిటికీ వెలుగు, నలుపు తెలుపు. చేతులు కట్టుకుని కెమెరా వైపు చూసే ఫొటో వద్దు. వాయించే మధ్యలో, మీరు ఎవరి మాటో వింటున్న క్షణం బాగుంటుంది. దాని మీద ఒకే ఒక్క రంగు. ఇటుక రంగు, సీసా పచ్చ, లేదా ఆవాల పసుపు. నేను ఎంచుకున్నది కాషాయానికీ సాంబారుకీ మధ్య ఎక్కడో ఉంటుంది, మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

ఇక అక్షరాలు. ఇంగ్లిష్‌లో అయితే పెద్ద అక్షరాల్ని ఇటుకల్లా ఒక దాని మీద ఒకటి పేర్చేయొచ్చు. తెలుగులో అలా పేర్చి చూడండి, పై వరస వత్తులు కింది వరస గుడుల్లోకి దిగి కుమ్ములాడుకుంటాయి. దీనికి రెండు దారులు. వరసల మధ్య చోటు ధారాళంగా వదలడం ఒకటి. వత్తులు లేని పేరు పెట్టుకోవడం ఇంకోటి. మేం 'మేడ మీద గాలి' అని పెట్టుకున్నాం. నాలుగు వరసలు కాదు గానీ మూడు వరసలు బిగుతుగా పేర్చగలిగాం, ఒక్క వత్తు లేదు. సిలికానాంధ్ర వారి చొరవతో వచ్చిన ఉచిత ఫాంట్లలో రామభద్ర లావుగా, పాత సినిమా పోస్టరు గుర్తొచ్చేలా ఉంటుంది. శీర్షికకు అది బాగా పనికొస్తుంది. వెనక చదువుకి మండలి లాంటి తేలికైనది చాలు. మూడో ఫాంట్ జోలికి పోకండి.

వెనక అట్టని ఖాళీగా వదలొద్దు. ఎవరు ఏం వాయించారు, ఏ తేదీల్లో, ఏ గదిలో, పాట ఎవరిది, ఎన్ని నిమిషాలు. దాని కింద ఆల్బమ్ గురించి మూడు వందల మాటలు, తెలుగులోనే. క్యూఆర్ కోడ్ మాత్రం అట్ట మీద వద్దు, లోపల చిన్న చీటీ మీద వేయండి. కొనేవాళ్లలో సగం మంది ఇళ్లలో సీడీ పెట్టే యంత్రమే ఉండదు, ఆ చీటీయే వాళ్లకి ఆల్బమ్.

ఆన్‌లైన్‌కి అదే బొమ్మ 3000 పిక్సెళ్ల చదరంగా కావాలి. ఫోన్‌లో గోరంత సైజులో చూసి, పేరు కనపడితేనే ఓకే అనుకోండి.

ప్రెస్‌లో

వినైల్ ఎల్పీ మీద మనసు పడకండి, మొదటి ఆల్బమ్‌కి ఖర్చు తట్టుకోలేం. చిన్న ఎల్పీలా మడిచిన అట్ట జేబులో సీడీ పెట్టండి. అయిదు వందలకు తక్కువైతే చాలాచోట్ల అచ్చు సీడీ చేయరు, బర్న్ చేసిన సీడీలే తీసుకోవాలి. వచ్చాక ప్రతి పదింటిలో ఒకటి చివరి పాట దాకా విని చూడండి.

అట్టకి ట్రిప్లికేన్, రాయపేట సందుల్లోని ఆఫ్‌సెట్ ప్రెస్‌లు చాలు. అడగాల్సింది ఇలా: "రెండు రంగులు. నలుపు, ఇంకో స్పెషల్ కలర్. నలుపు ఓవర్‌ప్రింట్. గ్రే బ్యాక్ డ్యూప్లెక్స్ బోర్డు. ముందు వైపు మాత్రమే గ్లాసీ లామినేషన్." ఓవర్‌ప్రింట్ అంటే కింది రంగుని తీసేయకుండా దాని మీదే నలుపు వేయడం. అందరూ మీకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డ్ అంటగట్టాలని చూస్తారు. అది పెళ్లి శుభలేఖలా ఉంటుంది. డ్యూప్లెక్స్ చవక, లోపలి బూడిద రంగు జేబులోంచి కనిపిస్తే అచ్చం పాత అట్టే. బరక అట్ట సీడీని గీస్తుంది కాబట్టి లోపల కాగితపు కవరు తప్పనిసరి. లోపలి చీటీకి మ్యాప్లితో, అంటే నిగనిగలేని మామూలు కాగితం. ఖర్చంతా ప్లేట్లు, మెషిన్ సెట్టింగ్‌లో పోతుంది, మూడు వందలకీ అయిదు వందలకీ తేడా మీరనుకున్నంత ఉండదు.

ఇప్పుడు నా మొదటి ఆల్బమ్ కథ. నవంబరు, బయట రెండు రోజులుగా వాన. ప్రెస్ ఏదన్నది అనవసరం. కాగితం తేమ పీల్చి సాగింది, మొదటి రంగుకీ రెండో రంగుకీ రిజిస్టర్ కలవలేదు, అంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. నా ముఖం పక్కన ఇంకో నారింజ ముఖం. దాన్ని పాతకాలపు అందమని సరిపెట్టుకోవచ్చు. వెనక అట్ట చూశాకే గుండె జారింది. 'డ్రమ్స్' అన్న ప్రతిచోటా 'స' వత్తు ఊడి పక్కన విడిగా కూర్చుంది. డీటీపీ చేసిన కుర్రాడికి తమిళం తప్ప రాదు. అడిగితే అమాయకంగా అన్నాడు: "అది డిజైన్ అనుకున్నాను సార్."

తప్పు నాదే. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజిన్ ఆన్ చేయకపోతే తెలుగు వత్తులు ఇలాగే విడిపోతాయి. అది ఆన్ చేసి, అంతా దిద్దుకున్నాక, ప్రెస్‌కి పంపే ఫైల్లో అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్‌గా, అంటే గీసిన బొమ్మల్లా, మార్చేయండి. అప్పుడు వాళ్ల కంప్యూటర్‌లో ఫాంట్ లేకపోయినా ఏమీ కదలదు. చెన్నైలో తెలుగు అచ్చు వేయించేటప్పుడు ప్రూఫ్ చూసే తెలుగు కళ్లు మీవి మాత్రమేనని గుర్తుంచుకోండి. మెషిన్ మీద మొదటి షీటు వచ్చేటప్పుడు అక్కడ నిలబడండి. వానల్లో అచ్చు పెట్టుకోకండి.

బయటికి

డిస్ట్రిబ్యూటర్‌కి పాటలు విడుదలకు నెల ముందే ఎక్కించండి. స్పాటిఫై ప్లేలిస్టుల వాళ్లకి చూపించాలంటే కనీసం వారం ముందు పంపాలి. ఒక్కో రికార్డింగుకి గుర్తింపుగా ఉండే ఐఎస్ఆర్‌సీ నంబర్లు డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు, వాటిని ఒక కాగితం మీద రాసి దాచుకోండి. బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకం మీద 15 శాతం వాళ్లు తీసుకుంటారు, మిగతా ఖర్చులు పోను మీకు. ఇక్కడివాళ్లకు యూపీఐ, స్పీడ్ పోస్ట్. సీడీకి రెండు వైపులా గట్టి అట్టముక్కలు పెట్టి పంపండి, లేకపోతే మీరు ముచ్చటపడ్డ మూలలు దారిలో నలిగిపోతాయి.

మొదటి పది కాపీలు అమ్మకానికి పెట్టకండి. వాయించిన ముగ్గురికీ తలా రెండు, ఇంజినీరుకి ఒకటి, పియానో ట్యూనర్‌కి ఒకటి, ప్రెస్‌లో మెషిన్ నడిపినాయనకి ఒకటి. పదోది విప్పకుండా బీరువాలో, కాసిన్ని సిలికా జెల్ పొట్లాలతో.